ఊపిరి బిగపట్టండి

పొద్దంత నేననే మాట ఒక్కటే:
ఊపిరి పీల్చి బిగపట్టండి.
ఆఁ... వదలండి.
తర్వాత ఎవరు?

హన్మకొండ చౌరస్తా పక్క సందుల
మెట్లు దిగితే వచ్చే చీకటి గది నాది.
రోజుకు నలభై ఛాతీలు, ఒక్కోరోజు యాభై.
మనిషిని ఎముకలదాక చూస్త,
మొఖమే యాదికుండదు.

కొత్త మిషను ట్రైనింగని ఇంట్ల అబద్ధం చెప్పి
శనివారం పగటీలి ముగ్గురం
పరకాల బస్సెక్కినం.
నేను, రిసెప్షన్ల కూసునే ఫర్హానా,
రక్తం తీసే జలజ.
కిరాయి డేరా సీటు కింద పట్టలేదు,
మా ఒళ్లె పసిపిల్లలెక్క పండింది.
మాకు జీరో టికెట్లు.
డేరాకు మాత్రం లగేజీ కొట్టిండు కండక్టర్.

రోడ్డుకు రెండు దిక్కుల పత్తి.
ఏరేటోళ్ల నడుములకు మూటలు తెల్లగ ఉబ్బుతున్నయి.
సూది తీసినంక నేనొత్తే దూది
ఇంతమంది వంగితె వస్తదా, అన్నది జలజ.
మళ్ల రేగొండ దాక మాట్లాడలే.

బస్సు దిగినంక ఆటో,
ఆటో ఆగినంక కాళ్లు.
పాండవుల గుట్ట.
వాచరు ఓదెలు చెవులకు తువ్వాల చుట్టి
ఎనుకకు చూడకుంట నడుస్తున్నడు.
బండల నడుమ దారి సన్నగయితున్నది,
ఎవరిదో చొక్కా గుండీల సందున దూరినట్టు
ఒక్కొక్కలం అడ్డంగ తిరిగి దూరినం.
నూరడుగులు ఎక్కిన్నో లేదో
నా లోపల ఎవరో రొప్పుతున్నరు.
బండకు చెయ్యి ఆనిచ్చి నిలవడితె
ఓదెలు మొదటిసారి ఎనుకకు తిరిగిండు.
"గట్ల బిగవడితె ఎట్లక్కా,
ఊపిరి ఇడువు."

నవ్వొచ్చింది.
నవ్వుతోని అదే పోయింది బయటికి,
ఎన్నేండ్ల కిందిదో.

గుహ గోడ మీద ఎర్ర బొమ్మలు.
జింకలెక్క ఒకటి, తేలులెక్క ఒకటి,
ఏందో తెల్వనిది ఒకటి.
అలవాటుకొద్ది పక్కటెముకలు లెక్కవెట్టిన.
"పేషెంటు పేరు?" అన్నది ఫర్హానా,
"వయసు?"
ఎవలకెర్క, అన్నడు ఓదెలు,
మీరు జర చేతులు వెట్టకుండ్రి.

డేరా ఏసుడు వీడియోల అయిదు నిమిషాలు.
మాకు గంటంపావు.
ఒక కడ్డీ మిగిలింది, ఎక్కడిదో ఇప్పటికీ తెల్వదు.
సల్లారిన సర్వపిండి, ఎల్లిగడ్డ కారం,
పొగ మింగుకుంట తిన్నం.
సిగ్నలు లేని ఫోన్లు మూడు
బూట్ల పక్కన బోర్ల పండినయి.

పదకొండేండ్ల సంది నేనుండేది నక్కలగుట్ట.
నాలుగంతస్తుల మీద నాలుగంతస్తులు,
లిఫ్టు సప్పుడు, ఇన్వర్టరు సప్పుడు.
నక్కను ఆ రాత్రే ఇన్న.
ముందు ఒకటి.
తర్వాత గుట్టగుట్టంత.
జలజ చీకట్ల నా చెయ్యి పట్టుకున్నది,
మణికట్టు కాడ, సరిగ్గ నాడి దొరికే చోట.
భయపడ్డవా అంటె
కాదు, అలవాటు, అన్నది.
ఇడువలే మాత్రం.

తెల్లారి మంచు డేరా లోపల కారింది.
నడుములు పట్టుకపోయినయి.
దిక్కు తెల్వక ఫర్హానా ఓదెలును అడిగింది,
ఆయన కట్టెతోని పడమర చూపిచ్చిండు.
ఆమె నమాజయ్యేదాక
పొయ్యిల కట్టెలు కూడ ఇరువలే ఆ మనిషి.

సోమవారం తొమ్మిదిన్నర.
భూపాలపల్లి నుంచి ఒక ముసలాయన,
ముప్పై ఏండ్లు బొగ్గుబాయి దిగినోడు,
అంగీ ఇప్పి, చెప్పులిడిచి
పలక ముందట నిలవడ్డడు.
నా బూట్ల రాలిన ఇసుక
ఆయన అరికాలుకు తాకినట్టుంది.
కాలితోనే రాసి చూసి
"ఇది మా దిక్కుది గదనే బిడ్డా" అన్నడు.

ఊపిరి బిగపట్టండి, అన్న.
పట్టిండు.
తర్వాతి మాట
ఎంతకూ నోట్లెకు రాలే.
ముసలాయన దవడలు ఉబ్బి, కండ్లు నాదిక్కు తిప్పి,
అట్లనే నిలవడి ఉన్నడు.

"ఇడువు తాతా" అన్న.

ఫిల్ము మంచిగ రాలే.
ఇంకోటి తీసిన.