మూడో అంశం

బల్లారాట్‌లో జూలై.
పాత బ్యాంకు కట్టడం,
ఇప్పుడు రాజ్యాంగ ఆదర్శాల అధ్యయన సంస్థ.
ఒకప్పుడు బంగారం తూచిన గదిలో
ఏడాదికోసారి సలహా మండలి కూర్చుంటుంది.
హీటర్ దగ్గుతుంది, వెచ్చబడదు.
తొమ్మిదిమంది పండితులు, ఒక్కరూ కోటు విప్పరు.
నేను పదోదాన్ని. మినిట్స్ రాస్తాను.

మొదటి అంశం:
ఈ నేల వాదవురంగ్ ప్రజలదని
అధ్యక్షురాలు ఐల్సా ట్రెంబాత్ చెప్పింది,
కాగితం చూడకుండా.
అందరం తల వంచాం.
రెండో అంశం: పైకప్పు కారుతోంది. కొటేషన్లు మూడు.

మూడోది సంస్థ ఆశయపత్రం.
ఒకే వాక్యం.
ఇంగ్లిష్‌లో రెండక్షరాల చిన్న మాటతో మొదలవుతుంది.
ఆ రెండక్షరాల మీద గంటన్నర.

సంతకం పెట్టినవాళ్లే ఆ మాటలో ఉంటారు,
మిగతాదంతా కవిత్వం, అన్నాడు
రిటైర్డ్ జడ్జి డూగల్ పాస్కో.
కోస్టా వ్లాహోస్ పెన్ను మూత తీస్తూ పెడుతూ
ఇంకా పుట్టనివాళ్లకీ చోటుండాలి,
లేకపోతే అది క్లబ్బు రసీదు, అన్నాడు.
ఒకాయన ఏథెన్స్ దాకా వెళ్లొచ్చాడు.
ఒకావిడ కునుకు తీసి, లేచి,
తాను పూర్తిగా ఏకీభవిస్తున్నానంది.

అప్పుడు ట్రెంబాత్ నావైపు తిరిగింది,
పదకొండేళ్లలో మొదటిసారి.
మీ భాషలో ఈ మాటని ఏమంటారు?

రెండున్నాయి, అన్నాను.
ఒకటి ఎదుటి మనిషిని బయట నిలబెడుతుంది,
ఒకటి లోపలికి లాగుతుంది.
గుమ్మంలోకొచ్చిన మనిషితో మా అమ్మ
'మేం తినేశాం' అంటే తలుపు ఓరగా వేసినట్టు,
'మనం తిందాం' అంటే పీట వాల్చినట్టు.
నోరు తెరిచామా, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

మేము, మనము, మేము, మనము,
వ్లాహోస్ వేడి బంగాళాదుంపలా నోట్లో అటూఇటూ తిప్పాడు.
మీ రాజ్యాంగం ఏది వాడింది? పాస్కో ప్రశ్న.
'మేము.'
కేసు గెలిచినట్టు వెనక్కి వాలాడు.

నేను అక్కడే చిక్కుకున్నాను.
ఏడో తరగతిలో పుస్తకం మొదటి పేజీలో
చూడకుండా అప్పజెప్పిన వాక్యం.
'మేము' అంటే వినేవాడొకడు ఎదురుగా ఉండాలిగా,
ఎవడు వాడు?
ఓడెక్కుతున్న దొరా? దేవుడా?
బెంచీ మీద వణుకుతూ అప్పజెబుతున్న నేనా?
భద్రమ్మ టీచరు అడగలేదు. నాకూ తట్టలేదు.

ట్రెంబాత్ చాలాసేపు కిటికీవైపు చూసింది.
పొద్దున మొదటి అంశంలో నేనేం వాడాను?
'వాళ్లది' అన్నారు, చెప్పాను నోట్‌బుక్ చూసి.
అది మూడో మాట.

గుమ్మడికాయ సూప్ వచ్చింది.
గిన్నెలు తొమ్మిది. వ్లాహోస్ తనది నావైపు తోశాడు.
ఆకలి లేదన్నాను. ఉంది.

మినిట్స్‌లో ఇలా రాశాను:
'మూడో అంశంపై సభ్యులు విపులంగా చర్చించారు.
వచ్చే ఏడాదికి వాయిదా.'
సభ్యుల జాబితా పైన.
కింద, గీత కింద, హాజరైనవారు: నా పేరు.
నోట్‌బుక్ అంచున తెలుగులో రాసుకున్న రెండు మాటలు
టైపు ప్రతిలోకి రాలేదు.

పైకప్పు మాత్రం ఆగస్టులో బాగుచేయించారు.
మధ్య కొటేషన్.