అక్కడ కాదు

గురువారం, పది దాటి పావుగంట.
వాన లేదు గాని బోగ్నా గొడుగు ఎత్తింది.
ఆ నారింజ రంగు వెనక పదకొండు మందిమి,
లూబ్లిన్ పాతబస్తీ రాళ్ళ మీద
మడమలు జాగ్రత్తగా దించుతూ.

"ఆకలి దాచుకోండి, ముందు చరిత్ర" అంది.
అన్నదే గాని మొదటి మలుపులోనే
నేలమాళిగ మెట్లు దింపి
జూరెక్ గిన్నెలు చేతికిచ్చింది.
పులిసిన రై పిండి పులుసు, మధ్యలో సగం గుడ్డు.
తరవాణికి దూరపు చుట్టమేమో,
మొదటి గుటకకు ముఖం ముడుచుకుంది,
రెండోదానికి విప్పుకుంది.
పోజ్నాన్ నుంచి వచ్చిన దంపతులు
మా ఊళ్ళో అయితే ఇందులో బంగాళదుంప ఉంటుందని
వండినావిడతోనే వాదన పెట్టుకున్నారు.
గరిటె అడ్డంగా ఊపిందావిడ, అంతే.

పైకొచ్చాక పాత నగర ద్వారం.
ఇటు చర్చిల ఊరు, అటు సినగాగుల ఊరు,
నడుమ ఈ కమాను.
రొట్టెల వాసన మాత్రం
సుంకం కట్టకుండా రెండువైపులా తిరిగేదట.
మేం అటువైపు దిగాం.

ఊరు లేదు.

గడ్డి. బస్సులు. కార్ల బారు.
పట్టపగలు వెలుగుతున్న ఒక వీధిదీపం.
"దాన్ని ఆర్పరు" అంది బోగ్నా.
అంత గలగలలాడే మనిషి ఇంకేమీ అనలేదు.

కాగితం సంచి విప్పి త్సెబులాష్‌లు పంచింది.
అరచేతంత రొట్టె, మీద మగ్గిన ఉల్లి, గసగసాలు.
ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు మావాళ్ళు
అని చెబితే పుస్తకంలో రాసుకుంది.
తల్లి దగ్గర కలం ఆగింది,
కొట్టేసి, మళ్ళీ రాసింది.

"ఇవి కాల్చిన భట్టీ ఒకటి
ఇదిగో, ఈ చెట్టు ఉన్నచోట..."

"కాదు."

గుంపు చివర, టికెట్టు కొనని పన్నెండో మనిషి.
మోచేతుల దగ్గర అరిగిన కోటు,
టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని, సెవెరిన్ గారు.
"అక్కడ కాదమ్మాయ్, ఎన్నిసార్లు చెప్పాలి!"
కర్రను ఊతంగా కన్నా వేలుగానే ఎక్కువ వాడుతూ
కార్ల మధ్యకి నడిచాడు.
"ఇక్కడ. ఈ నీలం కారు ముందుచక్రం దగ్గర.
మూడు మెట్లు కిందికి.
ఫైగా గారికి మోచేతుల దాకా పిండి.
మా అమ్మ ఒక్క రొట్టెకే డబ్బులిచ్చేది.
అంచు మాడిన రెండోదాన్ని
ఆవిడ నా జేబులో కుక్కేది.
తొడ కాలేది. అరిచేవాణ్ణి కాదు."

కారులో ఒక కుర్రాడు,
పార్కింగ్ చీటీ పళ్ళ మధ్య కరచుకుని, అద్దం దించాడు.
ఏమైందన్నాడు. ఎవరమూ ఏమీ చెప్పలేకపోయాం.
సెవెరిన్ గారు తన రొట్టె సగం తుంచి
కిటికీలోంచి అందించాడు.
కుర్రాడు చీటీ తీసి
ఇంజను ఆపి
తిన్నాడు.

తిరుగుదారిలో బోగ్నాను అడిగాను,
తొమ్మిదేళ్ళుగా నడుస్తున్న దారిలో
ఒక్క భట్టీ గుర్తుండదా అని.
చినుకులు మొదలయ్యాయి, ఆమె గొడుగు మడిచింది.
"పోయిన వారం బావి పక్కనన్నాను.
అంతకుముందు బస్టాండు వెనకన్నాను.
ఆయనది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
నేను సరిగ్గా చెబితే
ఆయన కిందికెందుకు దిగుతాడు?"

రాత్రి హోటల్ గదిలో
పళ్ళ సందున ఎక్కడో ఒక గసగసాల గింజ.
దీపం ఆర్పి నాలుకతో వెతుకుతున్నాను.
అక్కడ కాదు,
ఇంకాస్త ఇటు.