ఏడు గీతల ఎనిమిది

చిత్తూరు బజారు వీధిలో
మూసిన చెప్పులంగడి మెట్టు మీద
ఏకాంబరం పరిచిన నీలం టవలు.
దాని మీద పదకొండు గడియారాలు,
పదకొండు రకాల పొద్దులు.
ఒకటి నడిరేయంటుంది, ఒకటి తెల్లారిందంటుంది.
నిజానికప్పుడు సాయంత్రం అయిదుంబావు.
పల్ప్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి
చేతులకింకా మామిడి సొన వాసనతో
ఆడ నిలబడుకొని ఉన్నాను.

"నాలుగొందలక్కా, కొత్తదే అనుకో."
అనుకోడానికి రాలేదబ్బా నేను.
పదహారేండ్లుగా బెల్టు మీద పోయే
బెంగళూరా కాయల్ని ఏరేదాన్ని.
పైన మచ్చుంటే పసిబిడ్డైనా చూపిస్తుంది.
టెంకలో పురుగుండే కాయ
గంపలో అన్నిటికన్నా నున్నగా ఉంటుంది.

ముందు వీపు తిప్పి చూసినాను.
నాలుగు స్క్రూలు. మూడు బాగుండాయి,
నాలుగోదాని గాడి అరిగి గుంటైంది.
"ఎవరో విప్పినారే?"
"బ్యాటరీ మార్చుంటారు."
"అయితే నువ్వూ విప్పు. నేనూ చూస్తా."
అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టి
సన్న స్క్రూడ్రైవరు తీసినాడు.

రాగి రేకుల మీద పచ్చ చిలుము లేదు.
రబ్బరు చుట్టు మాత్రం
ఎండిన వడియంలా ఒకచోట పగిలింది.
నీళ్ళు తగిలితే లోపల మబ్బు పడుతుంది.
యాభై తగ్గింది.

ఇంక ఎనిమిది చూడాల.
మిగతా అంకెలన్నీ తప్పించుకోగలవు,
ఎనిమిదికి ఏడు గీతలూ బతికుండాల.
ఒకటి చస్తే ఆరో తొమ్మిదో అవుతుంది,
నడుము గీత పోతే సున్నా అవుతుంది,
అయినా అంకెలాగే కనిపిస్తుంది,
అదీ మోసం.
ఎనిమిదీ ఎనిమిదికి తిప్పించినాను.
ఓరగా చూసినాను, ఎండకు పట్టి చూసినాను.
అన్నీ ఉండాయి.
లైటు మీట నొక్కితే మాత్రం
అంకెలు ఒక్క క్షణం సొమ్మసిల్లి లేచినాయి.
బ్యాటరీ అరకడుపుతో ఉంది.
ఇంకో ముప్పై.

"పట్టీ పిన్ను కాడ కూడా చీలిందక్కా,"
అడగకనే చెప్పినాడు ఏకాంబరం.
దానికి పదే తగ్గించమన్నాను.

"ఫోనుంది కదా, ఇదెందుకు నీకు?"
లైను మీదికి ఫోను తేనివ్వరు.
గోడ గడియారం సూపర్వైజరు చేతి కింద ఉంటుంది.
మాకిచ్చే పది నిమిషాల్లో
కన్నెమ్మ టీ ఏనాడూ గ్లాసు అడుగు చూడలేదు.
ఇదంతా అతనికి చెప్పలేదు.
మూడొందల పది లెక్కబెట్టి ఇచ్చినాను.

ఆ రాత్రి మూడూ నలభైకి
దిండు కింద కూత పెట్టింది.
వీపు చూసినాను, కడుపు చూసినాను,
అలారం చూడలేదు.
ఎవరో ఒకరు
రోజూ ఆ వేళకి లేచే మనిషి:
పాలబండో, ఇడ్లీ పిండో,
చూసుకోవాల్సిన రోగిష్టి తల్లో.
ఆపేద్దామని మీట మీద వేలు పెట్టి
కాసేపు అట్లనే కూర్చున్నాను.
తర్వాత లేచి బియ్యం కడిగినాను.

మరునాడు విరామం గంట కొట్టంగానే
స్టాప్‌వాచ్ నొక్కినాను.
మళ్ళీ గంట మోగేసరికి
ఏడు నిమిషాల పదకొండు సెకన్లు.
కన్నెమ్మ గ్లాసు సగం నిండుగా ఉంది.

మణికట్టు చాపితే
దామోదరం సారు నవ్వినాడు:
"పుట్‌పాత్ మీద కొన్న పాతదాన్ని
ఎట్లమ్మా నమ్మేది?"

పాతదే సార్.
విప్పి చూసే కొన్నాను.
నాలుగో స్క్రూ అరిగింది, రబ్బరు పగిలింది,
పిన్ను కాడ చీలింది,
చీకట్లో కొంచెం సొమ్మసిల్లుతుంది.
దీని రోగాలన్నీ నాకు తెలుసు.

మీ గోడ మీద దాన్ని
ఒకసారి దించండి సార్,
వీపు చూద్దాం.

బెల్టు కదిలింది.
ఎవరూ కాయ ముట్టలేదింకా.