కరెంటు బిల్లు గొంతు

ముప్పై ఒక్క ఏళ్ళు మగ్గాల గదిలో నిలబడ్డాను,
వూచ్ నగరంలో, ఎర్ర ఇటుకల మిల్లులో.
అందుకే సినిమాలో నేను ముందు చూసేది
మొహం కాదు, బట్ట.

మొన్నొక దాంట్లో సమ్మె చూపించారు,
మా అమ్మమ్మ కాలం నాటిది.
ఆడవాళ్ళ తలగుడ్డల అంచులు ఎంత తిన్నగా ఉన్నాయో!
కుట్టు నైలాన్ దారంది. అప్పటికి నైలాన్ పుట్టనే లేదు.
పేదరికాన్ని ఇస్త్రీ చేసి తొడిగారు.
మసి మాత్రం ఎడమ బుగ్గ మీద
సరిగ్గా లైటు పడేచోట పూశారు.
ఆ తర్వాత నాయకుడు ఏం ఉపన్యసించాడో
నా చెవికెక్కలేదు.

నిజానికి నా చెవికి ఏదీ సరిగ్గా ఎక్కదు.
మగ్గాలు తినగా మిగిలిన చెవులు ఇవి.
ఆ మోతలో పెదవులు చదివే మాట్లాడుకున్నాం
పెళ్ళిళ్ళూ, అబార్షన్లూ, మేస్త్రీ మీద తిట్లూ.

సినిమాల్లో ఎవరూ సూప్ పూర్తిగా తాగరు.
మూడో చెంచాకి తలుపు చప్పుడవుతుంది,
లేచి వెళ్ళిపోతారు, ప్రేమకో యుద్ధానికో.
ఆ గిన్నె ఎవరు కడిగారని
ఒక్క దర్శకుడూ ఆలోచించడు.

చావు సంగతి అసలు ఎత్తొద్దు.
మా చెల్లెలు దానూతా తొమ్మిది రోజుల పాటు చనిపోయింది.
వీళ్ళు పాట సగంలో ఉండగా పోతారు,
పోయేముందు నలుగురిని క్షమిస్తారు,
జుట్టు చెదరదు.
దానూతా ఆఖరి మాట:
"చెప్పులు కిటికీ కింద పెట్టకు, తడుస్తాయి."

టీవీలో నాకు నచ్చేది వాతావరణం చెప్పే పిల్ల.
ఏమీ లేని గోడకి చెయ్యి చూపించి
రేపు చలి అంటుంది.
చలే వేస్తుంది.
ఇంతకంటే నిజాయితీ గల నటనని
నేనింకా చూడాలి.

మాకు పరాయి దేశపు సినిమా అంటే ఒకే గొంతు.
లెక్టర్ అంటాం.
హంతకుడూ ఆయనే, హతుడూ ఆయనే,
పురిటి నొప్పులు పడే పిల్లా ఆయనే.
అన్నీ కరెంటు బిల్లు చదివినట్టు చదివేవాడు.
బయటివాళ్ళు విని నవ్వుతారు. నవ్వనీ.
ఆ గొంతు నన్ను ఏనాడూ ఏడవమని అడగలేదు.
అందుకే ఏడ్చాను.

ఇప్పుడు కింది అంతస్తు ఇగ్నాత్సీ ఇంటికి
మనవడు తెచ్చిపెట్టిన కొత్త పెట్టెలో
లెక్టర్ లేడు. అక్షరాలు మాత్రం అడుగున పరిగెడతాయి.
ఇగ్నాత్సీ ట్రామ్ నడిపిన మనిషి,
ఇప్పుడు ఎటు చూసినా చూపు నడుమ
ఒక నల్లనాణెం.
అంచుల్లో మాత్రం కాస్త ఆకాశం, కాస్త కర్టెన్.
ఆయనకి కళ్ళు లేవు, నాకు చెవులు లేవు,
ఇద్దరం కలిస్తే ఒక టిక్కెట్టు.

గురువారాలు నేను చదువుతాను.
బిల్లు చదివినట్టే.
"నువ్వు లేకపోతే బతకలేను" అని రాజుగారంటే
మూడు వందల పన్నెండు యూనిట్లు అన్నంత నింపాదిగా.

మొదట్లో ఉన్నదున్నట్టే చదివాను.
తర్వాత పొల్లు ఏరడం మొదలైంది.
అరపేజీ ప్రేమ పలుకుల దగ్గర ఊరుకుంటే
"ఏమంటున్నాడు?" అంటాడు.
"ఏమీ అనట్లేదు. చేతులు చూసుకుంటున్నాడు."
ఇగ్నాత్సీ తలూపుతాడు. అతనికి ఆ మనిషి నచ్చుతాడు.

పోయిన వారం ఒక దొరసాని
దిండు మీద పడుకుని పోవడానికి సిద్ధపడింది.
అడుగున అక్షరాలు బారులు తీరాయి:
దేశం, దేవుడు, వసంతం, క్షమ.
నేను చదివింది ఒక్కటే:
"చెప్పులు కిటికీ కింద పెట్టకు, తడుస్తాయి."

ఇగ్నాత్సీ చాలాసేపు కదల్లేదు.
టీ మీద మీగడ కట్టింది.
"మంచి సినిమా" అన్నాడు చివరికి.

నేను అబద్ధమాడానని చెప్పలేదు.
మంచి సినిమా కాదని కూడా చెప్పలేదు,
నా జన్మలో మొదటిసారి.

"ఆవిడ మీద కోటు కప్పారా? ఎలా ఉంది?"
లేచి, తెర దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు సర్దుకుని చూశాను.
ఇది మాత్రం ఉన్నదున్నట్టే చెప్పాను:
మోచేతుల దగ్గర నలిగింది,
కుడిభుజం కుట్టు కాస్త వదులు.
ఎవరో తొడుక్కున్న కోటే.