రెండు వందల ఎనిమిది

నూట నలభై మూడు సీసాలు.
సైదాపురం పక్క అభ్రకం షెడ్లలో
పొరలు చీల్చే ఆడవాళ్ళ నెత్తురు
ఐసు పెట్టెలో నెల్లూరొచ్చింది,
పేర్లు ఊడిపోయి, అంకెలు తగిలించుకుని.

ఒక్కోదానికి నలభై సెకన్లు చాలు.
చుక్కని యాభై రెట్లు పల్చన చేసి
సన్నగొట్టం మూతికి అందిస్తే
యంత్రం దాన్ని తుంపర చేసి
ఆర్గాన్ మంటలోకి ఊదుతుంది.
సూర్యుడి ఒంటికన్నా వేడి.
అక్కడ మనిషి మిగలడు,
ఎవరి బరువు ప్రకారం వాళ్ళు
వరసలో నిలబడతారు, ఇనుము, రాగి, జింకు.
సీసం చోటు రెండు వందల ఎనిమిది.

నెత్తురు తీసిన రోజు చెంగమ్మ అడిగింది
"నలభై ఏండ్లు పీల్చినా గదబ్బయ్యా,
నలభై సెకన్లలో తేలిపోతాదా?"
ఆమె మోచేతి మడతలో పొడి మెరుస్తోంది.
నాలుగుసార్లు తుడిచాను స్పిరిట్‌తో.
దూది మెరిసింది, చెయ్యి కూడా.

పోల్చుకోడానికి ఒక శుభ్రమైన నెత్తురు కావాలి.
కొన్న సీసా అయిపోయింది, కొత్తది సోమవారానికి గాని రాదు.
నాదే తీశాను.
ఏసీ గది, క్యాను నీళ్ళు, ఉతికిన కోటు,
నాకన్నా సున్నా ఎవరుంటారని.

రెండు వందల ఎనిమిది దగ్గర
నా గీత లేచి నిలబడింది.
గొట్టం కడిగాను. మళ్ళీ పెట్టాను.
అంతే ఎత్తు.
చెంగమ్మ గీత దాని నడుముక్కూడా రాలేదు.

ముందు నా పళ్ళకి గుర్తొచ్చింది.

జువ్వలదిన్నెలో మా చిన్నాయన పోలయ్య
పాత బ్యాటరీల సీసం కరగబోసి
వంటింటి వెనక వలగుళ్ళు పోసేవాడు.
వాటిని అంచుతాడుకి తొడిగి
పళ్ళతో నొక్కడం నా పని.
"గట్టిగా కొరుకు, లేకుంటే వల తేలిపోతాది."
తియ్యగా ఉండేది. ఎవరికీ చెప్పలేదు.
వంద గుళ్ళకి ఒక కమ్మరకట్టు,
రెండు తీపులూ ఒకే నోట్లో.

వల చిరిగి పాతికేళ్ళు.
గుళ్ళు మాత్రం నా ఎముకల్లో లంగరేసుకుని
రోజుకింత నెత్తుట్లోకి దిగుతున్నాయి.

ఫోన్ చేశాను.
"ఇప్పుడు గుళ్ళెవరు నొక్కతుండారు చిన్నాయనా?"
అవతల అలల చప్పుడు, ఇంజన్ చప్పుడు.
"మన సీనుగాడి బిడ్డ. నీకన్నా గట్టి పండ్లురా దానివి!"
నవ్వుతున్నాడు.

పెట్టెలో ఒక ఖాళీ సీసా ఉంది.
అంకె వెయ్యబోయి ఆగాను.
హాసిని, ఆరేళ్ళు
అని రాశాను, సిరా ఆరేదాకా పట్టుకుని.