వడపోత

క్రాఫ్లా కొండ కింద భూమి కదిలితే
మిల్లీవోల్టులో వెయ్యో వంతు. అంతే దాని గొంతు.
దాన్ని అంకెలు చేసే బోర్డుకి
గడప కడుతోంది స్టేనున్:
పిడుగొస్తే అడ్డం పడేందుకు రెండు డయోడ్లు,
ఒక ఆప్-ఆంప్. వింటుంది,
కొండ దగ్గర ఏమీ తీసుకోదు.

అయినా రోజూ తెల్లారి ఐదింటికి
పిలవని పేరంటంలా యాభై హెర్ట్జ్ గొణుగుడు.
పక్క పొలం టోర్వి పాలు పితికే మిషను
ఎర్తు తీగ పట్టుకుని వచ్చేస్తుంది.

చలికాలమంతా రెసిస్టర్లు మార్చింది, తిట్టుకుంది,
చివరికి ఫిల్టరు గీసి బోర్డు చేయించింది.

వచ్చిన వారం, ఇంకా ఏదీ అతకకముందే
తెర మీద గీత తిన్నగా ఉంది.
టోర్వి ఆవుల్ని అమ్మేశాడట.

ఐదు దాటింది.
సోల్డరింగ్ ఐరన్ చల్లారుతోంది.
కెపాసిటరు కూర్చోవలసిన రెండు రాగి చుక్కల్ని
ఖాళీగానే ఉంచింది.