సాయం: 1

తుకుమాన్ బస్టాండులో మా అమ్మ
మాంసం కూరిన ఎంపనాదాలు వేయించి అమ్మేది,
మన కజ్జికాయల ఆకారమే, కాస్త పొట్ట ఎక్కువ.
నూనె కాగుతుండగా అడిగింది:
"చరిత్ర చదివితే ఏం వస్తుందే, రుఫీనా?"
"ఫీజు లేదమ్మా," అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

సర్కారు యూనివర్సిటీ.
మూడో అంతస్తులో పైకప్పు కారితే
చినుకులు సరిగ్గా మధ్యయుగాల మీద పడేవి.
జీతాలు రాని ఏడాది మా పంతుళ్లు
బెంచీలు రోడ్డు మీదికి మోయించి
ట్రాఫిక్ నడుమ పాఠం చెప్పారు.
హారన్ల మోతలో నేను రైతు తిరుగుబాట్లు రాసుకుంటుంటే
ఒక బస్సు డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి
"తర్వాతేమైంది?" అన్నాడు.
అంతలో సిగ్నల్ మారింది.
పాపం, అతనికి ఇంకా తెలియదు.

ఇతురాల్దె మేడమ్ ఐదేళ్లూ ఒక్కటే నేర్పింది:
కాగితం చేతికొస్తే ముందు చదవకు.
ఎవడు రాశాడు, ఎవడి డబ్బుతో సిరా కొన్నాడు,
అతను కుర్చీలో కూర్చుని రాస్తుంటే
ఎదురుగా ఎవరు నిలబడి ఉన్నారు,
అది చూడు.

మా బ్యాచిలో ఒసోరియో ఇన్సూరెన్స్ అమ్ముతున్నాడు.
దెల్ఫా రాత్రిబడిలో పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దిస్తుంది.
ఒకడు, పేరెందుకులెండి, మంత్రులకు ఉపన్యాసాలు రాస్తాడు;
తారీఖులు మాత్రం తప్పు రాయడు.
నేను పింఛన్ల ఆఫీసు నేలమాళిగలో
మూతపడ్డ చక్కెర మిల్లు మస్తర్లకూ
వాటిని తినే చెదలకూ కాపలా.

జులై చలిలో వచ్చింది ఎదెల్మిరా.
ఉన్ని శాలువా, డెబ్బై ఎనిమిదేళ్లు.
"పంతొమ్మిది సీజన్లు చెరకు కొట్టాను," అంది.
"రుజువు?"
చేతులు తీసి కౌంటరు మీద పెట్టింది.
గుమాస్తా వాటిని పక్కకు జరపమన్నాడు,
కింద ఫారం ఉందని.

నాలుగు వారాలు వెతికాను.
మస్తరులో మొగుడున్నాడు: సెగుందో బర్రాసా,
వారం వారం, ఇన్ని టన్నులు, ఇంత కూలి.
పక్క గడిలో "సాయం: 1".
అంతే.
పేరు లేదు, ఆడో మగో లేదు,
ఎద్దయినా కావచ్చు.
నిజానికి ఎద్దులకు వేరే పుస్తకం ఉంది,
పేర్లతో సహా.
ఒకదాని పేరు మహారాజు.

చివరికి ఆమె కోతల పుస్తకంలో దొరికింది.
చెరకు కోత కాదు, కూలి కోత.
జూన్ పదకొండు, సెగుందో ఖాతాలోంచి మినహాయింపు:
టించరు, గుడ్డ పట్టీ, కుట్లు మూడు,
భార్య ఎదెల్మిరాకు, ఎడమ బొటనవేలు, కత్తి వేటు.
కూలి ఇచ్చేటప్పుడు లేని మనిషి
కూలి కోసేటప్పుడు ఉంది.

కబురు పెట్టాను. ఎడమ చెయ్యి చూపించమన్నాను.
దీపం కిందికి లాగి లెక్కపెట్టాను:
ఒకటి, రెండు, మూడు.
ఐదేళ్లు చదివింది ఈ మూడు లెక్కపెట్టడానికా అనిపించింది.
అవుననే అనిపించింది.

అలాంటివి పదకొండు సీజన్లలో దొరికాయి.
జ్వరం మాత్ర, విరిగిన కత్తికి జరిమానా,
ఒక కాన్పు, దానికి పోయిన రెండు రోజులు.
పై ఆఫీసు పదకొండూ ఒప్పుకుంది.
ముద్ర పడిన కాగితం ఆమెకు చదివి వినిపించాను.
మళ్లీ చదవమంది. చదివాను.
"మరి మిగతా ఎనిమిదీ?" అంది.
"ఆ ఎనిమిదేళ్లూ నాకు దెబ్బ తగల్లేదమ్మా."

శనివారాలు నేలమాళిగ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.
ఎద్దుల పుస్తకం ఇంకా పూర్తిగా చదవలేదు.